మున్నేటి వంతెన మీద ముప్పై ఒక్క మంది

పోయిన వేసవి సెలవుల్లో ఖమ్మం వెళ్ళి, అక్కడి నుంచి అడవి దారిన భద్రాచలం దాకా పోయి వచ్చాను. మొత్తం ఐదు రోజులు. భద్రాచలం దాకా వెళ్ళి రాముణ్ణి చూడకుండా వచ్చావా అని మా వీధిలో ఇప్పటికీ అడుగుతున్నారు. చూడలేదు. నేను వెళ్ళింది ఒక ఫోటో కోసం.

మాది నరసరావుపేట. ఆడపిల్లల బడిలో తెలుగు చెబుతాను. మా నాన్న అంకయ్య రాతి పని చేసేవాడు. నైజాం కాలంలో ఖమ్మం దగ్గర మున్నేటి వంతెన వరదకు దెబ్బతింటే, బాగు చెయ్యడానికి మా వైపు నుంచి కొందరు పనివాళ్ళను తీసుకెళ్ళారు. అప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను. నాన్న పరంజా మీద నుంచి జారి పడి పోయాడు. కబురు మా ఊరు చేరేసరికి పన్నెండు రోజులయింది. ఏటి ఒడ్డునే పూడ్చేశారన్నారు. అమ్మకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఆయనతో కాపురం చేసింది ఏడాదిన్నర, అందులో సగం రోజులు ఆయన ఏదో ఊరి పనిలోనే ఉన్నాడు.

పని ముగించుకొని వచ్చిన మేస్త్రీ ఒక మాట చెప్పాడు. అంకయ్య పోవడానికి నెల ముందు వంతెన మీద పనివాళ్ళందరినీ నిలబెట్టి ఎవరో ఫోటో తీశారట. ఆ మాటను అమ్మ నలభై ఏళ్ళు దాచుకుంది. రాళ్ళు మోసి నన్ను చదివించింది. ఒక్కసారి కూడా వెళ్ళి వెతకమని అడగలేదు. ఈ ఏడు ఉగాది వెళ్ళాక ఒక ఉదయం పొయ్యి దగ్గర కూర్చుని, "ఆయన మొహం గుర్తుకు రావటం లేదే. నిన్నటిదాకా ఉంది. ఇవాళ లేచేసరికి లేదు" అంది.

ఇన్నేళ్ళూ ఎందుకు వెళ్ళలేదని మీరు అడగొచ్చు. అమ్మ అడగలేదు కనక నేను వెళ్ళలేదు.

మున్నేటి ఇసుకలో

రైలు దిగేసరికి తెల్లవారింది. స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిన్నాను. మా వైపు ఇడ్లీకి అల్లం పచ్చడి లేకపోతే గొడవ. ఇక్కడ పల్లీల చట్నీ, అదీ నోరు మండేంత కారం. టీ నలభై పైసలు. నేను నోరు తెరవకముందే టీ తెచ్చినాయన "ఆంధ్ర దిక్కు నుంచి ఒచ్చిన్రా?" అన్నాడు. ఎలా తెలిసిందంటే, "చట్నీ దిక్కు చూసే చూపే చెప్తది" అన్నాడు. ఆ ప్రయాణంలో నేను నవ్వింది అక్కడొక్కచోటే.

రిక్షా అతను వంతెన మొదట్లో దింపాడు. చూడగానే నాకేమీ అనిపించలేదు, అది నిజం. లారీలు, ఎడ్లబండ్లు, సైకిళ్ళు, మిర్చి బస్తాలు అన్నీ దాని మీదుగా తోసుకుంటూ పోతున్నాయి. అమ్మ నోట విన్న వంతెన ఇంత ఇరుకుగా, ఇంత మామూలుగా ఉంటుందని అనుకోలేదు.

కిందికి దిగాను. మే నెల కదా, ఏరు ఒక పక్కన సన్నగా పారుతోంది. ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తోడి చెంబులతో నీళ్ళు ముంచుకుంటున్నారు. కింద నుంచి చూస్తే వంతెన వేరుగా ఉంది. దాని రాతి కాళ్ళు ఒక్కొక్కటి ఒక ఇల్లంత ఉన్నాయి. వాటిలో కొన్ని రాళ్ళు మిగతా వాటికంటే తెల్లగా, ఉలి దెబ్బలు ఇంకా కనిపిస్తూ ఉన్నాయి. బాగుచేత నాటివి అవేనేమో. ఒక దాని మీద చెయ్యి పెట్టాను. ఎండకు కాలుతోంది. తీసేశాను.

నీళ్ళ దగ్గర బట్టలు ఉతుకుతున్న ఒక ముసలాయనను అడిగాను. "తాతా, ఈ వంతెన బాగు చేసేటప్పుడు పనివాడొకాయన పైనుంచి పడి పోయాడు. ఎక్కడో తెలుసా?"

"ఒక్కడా? శానమంది పడ్డరు బిడ్డా. ఎవరి సంగతి అడుగుతున్నవ్?"

"గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. అంకయ్య అని."

"పేర్లు ఎవరికెరుక? పొద్దున పడితె పొద్దుమూకేసరికి పూడ్చేది, తెల్లారి పనికి పొయ్యేది."

ఎక్కడ పూడ్చేవాళ్ళని అడిగితే ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు. అక్కడిప్పుడు కట్టెల అడితి, దాని వెనక ఇళ్ళు.

మా బడి సైన్సు మాస్టారి డబ్బా కెమెరా అడిగి తెచ్చుకున్నాను. పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి చూసి తియ్యాలి. పన్నెండు ఫోటోల రీలు. నాన్న ఎక్కడ పడ్డాడో తెలియదు కనక ఒక్కో రాతి కాలికీ ఒక్కో ఫోటో తీశాను. రీలు అయిపోయింది, కాళ్ళు ఇంకా మిగిలాయి.

ముసలాయన అంతసేపూ నన్నే చూస్తున్నాడు. "వంతెన ఫోటోలు కావాల్నంటే ఖాదర్ సాబ్ కాడికి పో. ఏరొచ్చినప్పుడల్లా డబ్బా ఎత్తుకొని ఉరుకుతడు. పిచ్చోడు" అన్నాడు.

ఖాదర్ సాబ్ స్టూడియో

బజారులో ఒక మేడ కింద చిన్న గది. లోపల నాలుగు గోడలకూ వంతెనే. పొగమంచులో వంతెన, దాని మీద ఒక్క సైకిలు. పిట్టగోడను తాకుతున్న వరద, నీళ్ళలో కొట్టుకుపోతున్న గడ్డివాము. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇసుక మీద పడ్డ వంతెన నీడ. అన్నీ నలుపూ తెలుపే. ఆయనకు అరవై ఐదేళ్ళుంటాయి. సన్నగా, తెల్ల గడ్డంతో, గుండీలన్నీ పెట్టుకున్న చొక్కాలో ఉన్నారు.

"రంగుల్ల తీస్తె వంతెన మురిగ్గ కనిపిస్తదమ్మా. మిర్చి సంచులు, సినిమా పోస్టర్లు, అవే కనిపిస్తయ్. బ్లాక్ అండ్ వైట్ల రాయి రాయి లెక్కనే ఉంటది, నీళ్ళు నీళ్ళ లెక్కనే ఉంటయ్" అన్నారు. వినేవాళ్ళు దొరికి చాలా కాలమైనట్టు మాట్లాడారు.

నేను వచ్చిన పని చెప్పాను. చెబుతుండగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అవ్ అమ్మా. నేనే తీసిన. గుత్తేదారు తీయమన్నడు. నాకప్పుడు పాతికేండ్లు. పొద్దుగాల పని మొదలు గాకముందు అందర్నీ మూడు వరుసల్ల నిలబెట్టిన. శ్వాస గూడ ఆపున్రి అని చెప్పిన. పెద్ద గ్లాసు ప్లేటు మీద తీసిన."

"ఆ ప్లేటు ఉందాండీ?"

ఆయన గోడ వైపు తిరిగి, "లేదమ్మా. నేనే అమ్మిన" అన్నారు.

విషయమిది. పూర్వం ఫోటోలు గాజు పలకల మీద తీసేవారు. రీళ్ళు వచ్చాక, ఆ తర్వాత రంగుల ఫోటోలు వచ్చాక, ఖాదర్ గారి దుకాణానికి జనం రావడం తగ్గిపోయింది. ఐదేళ్ళ కిందట ఆయన భార్యకు దవాఖానాలో ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. భద్రాచలంలో దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే నర్సయ్య అనే ఆయన వచ్చి, మూడు పెట్టెల పలకలు తూకానికి కొనుక్కుపోయాడు. కడిగితే మంచి గాజు.

"అమ్మిన. ఆమె బతకలే" అన్నారు ఖాదర్ గారు. "ముప్పై ఏండ్ల మొఖాలు పొయినయ్, ఆమె గూడ పొయింది."

నేను లేచి, భద్రాచలం బస్సు ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"నువ్వు ఒక్కదానివి పొయ్యి ఏం చేస్తవ్? గాజు పలక మీద మనిషిని నువ్వు గుర్తు పట్టలేవమ్మా. తెల్లది నల్లగుంటది, నల్లది తెల్లగుంటది. రేపు పొద్దుగాల నేనొస్త."

టేకులపల్లి దాటాక

ఇల్లెందు మీదుగా పోయే బస్సు ఎక్కాం. టేకులపల్లి దాటాక అడవిలో టైరు పేలింది. అదనపు టైరు చూస్తే దానిలోనూ గాలి లేదు. కండక్టరు ఎదురొచ్చిన లారీ ఎక్కి కొత్తగూడెం వెళ్ళాడు. మూడు గంటలు అక్కడే ఉన్నాం.

రోడ్డు పక్కన తాటాకు పాకలో టీ కొట్టు. వెనక నేల మీద ఇప్పపూలు ఎండబోశారు, ఆ మత్తు వాసన మధ్యాహ్నం ఎండలో కొట్టు దాకా వస్తోంది. బీడీ ఆకు కోతల కాలం. కోయ ఆడవాళ్ళు ఆకు మోపులు నెత్తిన పెట్టుకుని వరుసగా పోతున్నారు. ఒకామె ఆగి మోదుగాకు దొన్నెలో తునికి పళ్ళు అమ్మింది, పావలాకు దొన్నె. పండు తియ్యగానే ఉంది, తిన్నాక నాలుక పిడచ కట్టుకుపోయింది. ఖాదర్ గారు కోడలు కట్టిచ్చిన జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు విప్పి నాకు సగం పెట్టారు.

కొంచెం దూరంలో చెట్ల మధ్య నిలువుగా పాతిన రాళ్ళు కనిపించాయి. కొన్ని నడుమెత్తు, కొన్ని మనిషెత్తు. ఏమిటని ఆ కోయ ఆమెను అడిగాను. ఆమె తన భాషలో చెప్పింది. టీ కొట్టాయన తెలుగులో చెప్పాడు: "వాళ్ళ పెద్దోళ్ళు సచ్చిపోతె గిట్ల రాయి పాతుతరు. పేరుండదు, బొమ్మ ఉండదు. ఏ రాయి ఎవరిదో ఇంటోళ్ళకు ఎరుకే."

మా వైపు సమాధి మీద పేరు చెక్కించకపోతే అవమానం. రాళ్ళు చెక్కి బతికిన మా నాన్నకు పేరు లేని రాయి కూడా లేదు.

బస్సు నీడలో కూర్చున్నప్పుడు ఖాదర్ గారిని అడిగేశాను. "మా నాన్న ఎలా ఉండేవాడో మీకేమైనా గుర్తుందాండీ?"

ఆయన రొట్టె ముక్క పక్కన పెట్టారు. "అబద్ధం చెప్పుడు అల్కనే. పొడుగ్గుండె, నవ్వుతుండె అని చెప్పొచ్చు. నువ్వు సంతోషపడ్తవ్. కని నాకు యాది లేదమ్మా. ఫోటో తీసేటప్పుడు నేను మొఖాలు చూడను. వెలుగు చూస్త."

నర్సయ్య దుకాణం

భద్రాచలం చేరేసరికి మూడు దాటింది. బస్సు గోదావరి వంతెన ఎక్కగానే ఖాదర్ గారు సీటు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఎంత పొడవు వంతెనో. కింద ఇసుక దిబ్బలు, వాటి మధ్య నీలంగా నీళ్ళు. "దీన్ని ఎన్నడు తియ్యలే" అన్నారు. మళ్ళీ కూర్చుని, "ఇగ తియ్యను" అన్నారు.

నవమి వెళ్ళి చాలా రోజులయినా గుడి వీధిలో చలువ పందిళ్ళ వాసాలు ఇంకా తియ్యలేదు. నర్సయ్య దుకాణం నిండా సీతారాముల పటాలు. ఖాదర్ గారిని చూసి మర్యాదగా బల్ల వేశాడు, సోడా తెప్పించాడు. పలకల సంగతి అడిగితే మాత్రం నవ్వాడు.

"ఇంకెక్కడియి సాబ్? ఉడుకు నీళ్ళల్ల బట్టల సోడా ఏసి నానబెడితె మొఖాలన్నీ తోలు లెక్క ఊడొస్తయ్. తుడిస్తె అద్దం. ఈ నవమికి ఆఖరివి గూడ అమ్ముడుపొయినయ్."

గోడకున్న ఒక పటం దించి, "గిది గూడ మీదే కావచ్చు" అని ఇచ్చాడు. ఖాదర్ గారు దాన్ని వెలుగులోకి వంచి చూశారు. గాజు నిర్మలంగా ఉంది. చట్రం అంచు దగ్గర మాత్రం గోరంత నల్లటి గీత మిగిలింది. ఆయన ఆ గీతను బొటనవేలితో రుద్ది, పటం తిరిగి ఇచ్చేశారు. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది దండం పెట్టుకుంటూ ఉంటారో ఆ అద్దాల ముందు.

ఇక లేద్దామనుకుంటుండగా, లోపల బియ్యం ఏరుతున్న నర్సయ్య భార్య రాజమ్మ అడిగింది. "ఏంది, నల్ల గ్లాసులేనా? మన వంటింట్ల నాలుగు పెట్టలేదా, ఎండ కొట్టకుంట?"

వంటిల్లు

దుకాణం వెనకే ఇల్లు. వంటింట్లో పొయ్యి పైన, గోడకు ఉన్న కంతలో నాలుగు గాజు పలకలు సున్నంతో అతికించి ఉన్నాయి. మసి పట్టి ఉన్నాయి. పడమటి ఎండ వాటి మీద పడి, ఆ మసిలోంచే ఏవో ఆకారాలు లేతగా మెరుస్తున్నాయి.

నర్సయ్య ఉలితో సున్నం కొట్టి ఒక్కొక్కటే ఊడదీశాడు. ఖాదర్ గారు ఆకాశానికి ఎత్తి చూశారు. మొదటిది ఎవరిదో పెళ్ళి. రెండోది తలపాగా పెట్టుకున్న పటేలు. మూడోది ఊడదీసేటప్పుడే పగిలింది. నాలుగోది ఎత్తి, దించకుండా అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదే. వంతెన. పరంజా కర్రలు అవుపడ్తున్నయ్ చూడు. పని నడుమ తీసింది ఇదే."

పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. ముప్పై ఒక్క మంది. నేనూ చూశాను. నల్లని మొహాలు, తెల్లని మీసాలు, చీకటిలాంటి ఆకాశం. ముందు వరుసలో ముగ్గురి మొహాల మీద మసి దట్టంగా ఉంది.

"పట్టుకో అమ్మా, కళ్ళద్దాలు తీస్త" అని పలక నా చేతికిచ్చి సంచిలో వెతుక్కుంటున్నారు.

ఆ మసి కిందే నాన్న ఉన్నాడేమోనని నాకు తోచింది. ఒక్క క్షణం. పక్కనే నీళ్ళ తొట్టి. పైట కొంగు తడిపి ఆ మూడు మొహాల మీద తుడిచాను. అద్దం తుడిచినట్టు, గట్టిగా, రెండు సార్లు.

"వద్దమ్మా! తడి తగలొద్దు!" అని ఖాదర్ గారు అరిచేసరికి అయిపోయింది.

మసి పోయింది. మసితో పాటు మొహాలూ పోయాయి. మూడు చోట్ల గాజు శుభ్రంగా ఉంది, వాటిలోంచి రాజమ్మ పెరట్లోని అరటిచెట్లు కనిపిస్తున్నాయి. ఐదేళ్ళ పొయ్యి పొగకూ ఎండకూ పలక మీది పూత మెత్తబడిపోయి ఉంటుందని, తడి తగిలితే మీగడలా ఊడొస్తుందని నాకు తెలియదు. నా కొంగున బూడిద రంగు జిగురు అంటుకుంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే తొట్టి పక్కకు వెళ్ళి కొంగు జాడించాను. ఆ నీళ్ళు కాలవ వెంట అరటి పాదుల్లోకి పోయాక అర్థమైంది, ఏం జాడించానో.

అక్కడే కూలబడ్డాను. రాజమ్మ వచ్చి నా భుజం పట్టుకుంది. "మసే గద అనుకున్నది, పాపం" అంది మొగుడితో. ఖాదర్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. పలకను పొడి గుడ్డలో చుట్టి, "ముందుగాల చెప్పకపోవుడు నా తప్పు. నలభై ఏండ్లు ఇదే పని చేసినోణ్ణి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

రాజమ్మ మమ్మల్ని వెళ్ళనివ్వలేదు. పచ్చిపులుసు, పప్పు, అన్నం పెట్టింది. గుడికి పోయి రమ్మంది. నేను వెళ్ళలేదు.

చీకటి గది

తిరుగు బస్సులో ఆయన ఆ పలకను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఖమ్మం చేరి, స్టూడియోలోని చీకటి గదిలో ఎర్రదీపం కింద, పలక అడుగున పెట్టి వెలుగు చూపిన కాగితాన్ని మందు నీళ్ళలో వేశారు. ముందు వంతెన పిట్టగోడ వచ్చింది. తర్వాత పంచెలు, చేతులు, ఉలులు. చివరికి మొహాలు.

ఎంత స్పష్టంగా వచ్చాయో చెప్పలేను. ఒకతని బుగ్గ మీద మచ్చ. ఒకతను నవ్వు ఆపుకుంటున్నాడు. చివర ఇద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఇరవై ఎనిమిది మంది నన్ను చూస్తున్నారు. ముందు వరుసలో ముగ్గురి మెడల మీద మూడు నల్లటి మరకలు. గాజు మీద ఖాళీ అయిన చోటు కాగితం మీద నల్లగా వస్తుందట.

"ఇరవై ఎనిమిది మందిల ఉండొచ్చు గద" అన్నారు ఖాదర్ గారు. నేనూ అదే అనుకుంటున్నాను. అదొక్కటే అనుకుంటున్నాను.

నా రీలు కూడా ఆయనే కడిగారు. పన్నెండు రాతి కాళ్ళూ చక్కగా వచ్చాయి. "నీ చెయ్యి కదలలే. మంచిగ తీసినవ్" అన్నారు. రైలు దగ్గరికి వచ్చి, కిటికీలోంచి, "అమ్మ గుర్తు పడితె ఒక కార్డు ముక్క రాయి" అన్నారు.

అమ్మ

అమ్మ ఫోటో తీసుకుని గుమ్మంలో వెలుగున్న చోట కూర్చుంది. గోటితో ఒక్కొక్క మొహం మీదా ఆగుతూ వెళ్ళింది. వెనక వరుస, మధ్య వరుస. కాదు. కాదు. ఇతను కాదు. నేను లోపల లెక్కపెడుతున్నాను. పొరపాటునైనా ఎవరో ఒకరి దగ్గర ఆగితే బాగుండునని మొక్కుకున్నాను. ఇరవై ఎనిమిదీ అయిపోయాయి.

ముందు వరుసలో మొదటి మరక దాటింది. రెండోది దాటింది. మూడో దాని దగ్గర వేలు ఆగింది.

"ఇదిగో."

"అక్కడ మొహం లేదమ్మా."

"మొహం లేకపోతేనేం, మనిషి ఉన్నాడుగా. ఎడం కాలి మీద బరువేసి నిలబడ్డాడు చూడు. చిన్నప్పుడు కుడి మోకాలి మీద బండ పడింది. ఇంకెవరు నిలబడతారు అట్టా?" వంగి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. "ఇక్కడేమయిందే?"

"పొగకు పోయిందమ్మా. నలభై ఏళ్ళు కదా."

అమ్మ ఆ మరకను చాలాసేపు చూసింది. తర్వాత ఫోటో ఒళ్ళో పెట్టుకుని నా చెయ్యి నిమిరింది. "పోనీలే. అంత దూరం పోయి తెచ్చావు. పోయినదానికి నువ్వేం చేస్తావు" అంది.

ఖాదర్ గారికి ఇంకా కార్డు రాయలేదు. అమ్మకు చదువు రాదు. అందుకే నేను చేసింది ఇక్కడ రాయగలిగాను.